స్టేషన్ నుంచి సఖికి, సఖి నుంచి కోర్టుకి... మా అక్క కేసు ఎవరి చేతిలో ఉన్నట్టు?

రెండో_షిఫ్ట్
మా అక్కకు పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. బావ చెయ్యి చేసుకోవడం కొత్త కాదు గానీ ఈసారి మణికట్టు విరిగింది. అత్తగారే ఆస్పత్రికి తీసుకెళ్లి, బాత్రూంలో జారిపడిందని చీటీ రాయించింది. మూడో రోజు రాత్రి మళ్లీ గొడవ. చేతికి కట్టుతోనే పిల్లల్ని తీసుకుని బస్టాండుకొచ్చి, సోడా బండి అతని ఫోన్ అడుక్కుని నాకు చేసింది.

అప్పటి నుంచి పన్నెండు రోజులు. వాళ్ల ఊరి స్టేషన్లో పిటిషన్ తీసుకున్నారు, రశీదు ఇవ్వలేదు. ఇద్దర్నీ పిలిచి కౌన్సెలింగ్ చేస్తాం అన్నారు, బావ రాలేదు. మా వైపు మహిళా స్టేషన్‌కి వెళ్తే "అది మా పరిధి కాదు, సఖి సెంటర్‌కి వెళ్లండి" అన్నారు. సఖి అంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం. అక్కడ బాగానే చూశారు, అబద్ధం చెప్పకూడదు. ఐదు రోజులు ఉండనిచ్చారు, పిల్లలకు పాలు కూడా ఇచ్చారు. తర్వాత కోర్టులో వేసుకోండి, లాయర్ గురువారం వస్తారు అన్నారు. గురువారం ఆయన రాలేదు. సరే అని కోర్టుకే వెళ్తే ఒక గుమస్తా "ముందు ఎఫ్ఐఆర్ ఉందా?" అన్నాడు. అంటే మళ్లీ స్టేషన్.

ప్రతిచోటా మొదటి నుంచి చెప్పాలి. నేను లెక్కపెట్టాను, ఆరుసార్లు. ఆరోసారి చెప్పేటప్పుడు అక్కకు ఏడుపు రాలేదు. అంతే, అక్కడున్నావిడ ఏదో మామూలు మొగుడూ పెళ్లాల గొడవ అన్నట్టు చూసింది.

వీళ్లంతా కలిసి పనిచేయాలని ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే ఎవర్ని పట్టుకోవాలి?

ఉప్పుడుపిండి
ఇవన్నీ కాదు బ్రో. 498ఏ వేధింపుల కేసు పెట్టించు. ఒక్క రాత్రి లోపల పడుకుంటే బావ దారికొస్తాడు.

పాతఖాకీ
ఉప్పుడుపిండి, 2024 జులై 1 నుంచి అది 498ఏ కాదు, కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్‌లో సెక్షన్ 85. అలా పెట్టగానే ఇలా లోపలేసే రోజులు 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పుతోనే పోయాయి. ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు ఎందుకు అవసరమో కాగితం మీద రాయాలి.

ముప్పై రెండేళ్లు ఆ డ్రెస్ వేసుకున్నాను కాబట్టి మా వాళ్ల తరఫున ఒక మాట, మా వాళ్ల మీద ఒక మాట. కుటుంబ తగాదాల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, కాబట్టి పిలిపించి మాట్లాడటం తప్పు కాదు. రశీదు ఇవ్వకపోవడం మాత్రం తప్పు. "మా పరిధి కాదు" అనడం ఇంకా పెద్ద తప్పు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి అవతలి స్టేషన్‌కి పంపాలి. పైగా 2019లో రూపాలీ దేవి కేసు ఉంది. అత్తింటి నుంచి బయటికొచ్చి ఎక్కడ తలదాచుకుంటే అక్కడే ఈ కేసు పెట్టొచ్చు. తమ్ముడూ, జీరో ఎఫ్ఐఆర్, రూపాలీ దేవి, ఆ రెండు పేర్లూ చీటీ మీద రాసుకుని వెళ్లు.

పప్పుచారు_ఫ్యాన్
చీటీ తీసుకుని వెళ్తే "నువ్వు లాయరువా?" అంటారు సార్. అనుభవం.

పాతఖాకీ
అంటారు. అన్నాక తీసుకుంటారు కూడా.

ఫైలు_మోసే_మనిషి
రెండో_షిఫ్ట్ అడిగినదానికి సూటిగా జవాబు: రాసి ఉంది. 2005 గృహహింస చట్టంలో. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. పట్టుకోవాల్సిన మనిషి పేరు కూడా అందులోనే ఉంది, ప్రొటెక్షన్ ఆఫీసర్. మీరు తిరిగిన ఆరు చోట్లలో ఆ మాట ఒక్కరైనా అన్నారా?

నేను గృహహింస కేసులు చూసే ఒక జిల్లా డీవీ సెల్‌లో సోషల్ కౌన్సెలర్‌ని, పదకొండేళ్లుగా. చట్టం ప్రకారం జరగాల్సింది ఇది. మీ అక్క ఎవరి దగ్గరికి ముందు వెళ్లినా, పోలీసైనా సఖి అయినా, ప్రొటెక్షన్ ఆఫీసర్ అని ఒకరున్నారని, ఉచితంగా లాయర్‌ని ఇస్తారని, కావాలంటే క్రిమినల్ కేసు కూడా పెట్టుకోవచ్చని వాళ్లే చెప్పాలి. ఆఫీసర్ దగ్గర కూర్చుని డీఐఆర్, అంటే గృహహింస ఎలా జరిగిందో రాసే నివేదిక, రాయించుకోవాలి. ఏ రోజు ఎలా కొట్టాడు, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఫోన్ లాక్కున్నాడా, తిండి పెట్టారా, పిల్లల ముందు జరిగిందా, అన్నీ అందులో గళ్లు ఉంటాయి. ఒకసారి రాస్తే అదే కాగితం మేజిస్ట్రేట్‌కి, ఒక కాపీ ఆ ప్రాంతం స్టేషన్‌కి వెళ్తుంది. ఆరుసార్లు చెప్పించకుండా ఉండటానికే ఆ కాగితం.

జరిగేది వేరు. మా ప్రొటెక్షన్ ఆఫీసర్ అంటే జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారే. అంగన్వాడీ గుడ్ల సరఫరా, బాల్యవివాహాలు, కలెక్టర్ గారి వీడియో కాన్ఫరెన్స్, అన్నిటికీ ఆ ఒక్క మనిషే. కేసు మోసేది కింద మేమిద్దరం ముగ్గురం. 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, జిల్లాల్లో, తాలూకాల్లో ప్రొటెక్షన్ ఆఫీసర్లను గుర్తించి నియమించమని. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకి ఈ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే మీరే ఆలోచించండి.

రేపు పొద్దున జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్లి "డీఐఆర్ రాయించుకోవాలి" అని ఆ మాటే వాడండి. కష్టం చెప్పుకోవడానికి వచ్చాం అనకండి. కష్టం అంటే కౌన్సెలింగ్‌కి కూర్చోబెడతారు. డీఐఆర్ అంటే ఫారం తీస్తారు.

చింతచిగురు
"కష్టం అంటే కౌన్సెలింగ్, డీఐఆర్ అంటే ఫారం". ఫోన్లో సేవ్ చేసుకున్నా.

మెట్రో_పిల్లర్_143
అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు. మా వదిన డీవీ కేసు వేసింది. అన్నయ్యతో పాటు మా అమ్మ, నాన్న, బెంగళూరులో ఉండే నేను, నా భార్య, అందరం ప్రతివాదులమే. అమ్మకు డెబ్బై ఒకటి, మోకాళ్లు పట్టవు. వాయిదాకి ఆటోలో ఎత్తి కూర్చోబెట్టి తీసుకెళ్లాను. మేం వాళ్లింట్లో ఏడాదికి రెండు రోజులు ఉంటాం. మేం ఏం హింసించాం?

నల్లరేగడి
ఇదిగో వచ్చింది. దుర్వినియోగం అనే మాట ఏ థ్రెడ్‌లోనైనా పది పోస్టులు దాటకుండా వస్తుంది.

మెట్రో_పిల్లర్_143
నాకు జరిగింది చెప్పాను. మీకు నచ్చకపోతే జరగనట్టు అయిపోదు.

కోర్టుహాలు_బయట
లాయర్‌ని. నల్లరేగడి గారూ, అతన్ని కొట్టిపారేయకండి, అందులో రెండో_షిఫ్ట్‌కి పనికొచ్చే విషయం ఉంది. ఇంటిల్లిపాదినీ పార్టీలుగా చేర్చే పిటిషన్లు నేనూ చూస్తాను. ఎక్కువగా కోపంలో బంధువులు చెప్పి రాయిస్తారు. ఫలితం ఏమిటంటే ఎనిమిది మందికి నోటీసులు అందాలి. ఒకరు బెంగళూరు, ఒకరు దుబాయ్. నోటీసు అందలేదని వాయిదా, వాయిదా. చట్టంలో మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లోపు, అక్కడి నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని ఉంది. మనమే ఎనిమిది పేర్లు రాసి ఆ అరవై రోజుల్ని రెండేళ్లు చేసుకుంటాం. కొట్టినవాణ్ణి, కొట్టించినవాళ్లని రాయండి. చాలు.

మిగతావి. ఎఫ్ఐఆర్ ఉంటేనే డీవీ కేసు అన్న గుమస్తా మాట తప్పు. రెండూ వేర్వేరు, రెండూ ఒకేసారి నడుస్తాయి. డీఐఆర్ లేకపోయినా నేరుగా సెక్షన్ 12 కింద మేజిస్ట్రేట్ కోర్టులో వేయొచ్చు, ప్రభా త్యాగి కేసులో 2022లో తేలిపోయింది. కానీ ఉంటే బలం. వేసేటప్పుడే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వులు అడగండి. అవతలి పక్షం రాకపోయినా ఇవ్వొచ్చు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉందని భయపడొద్దు, 2020లో సతీష్ చందర్ అహూజా తీర్పు వచ్చాక అందులో ఉండే హక్కు కోడలికి లేదన్న వాదనకు మునుపటి బలం లేదు.

లాయర్ ఫీజు గురించి ఆలోచించొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఉప్పుడుపిండి
ఆ మూడు రోజులు ఏ క్యాలెండర్లో మేడమ్, మనదేనా?

కోర్టుహాలు_బయట
మామూలుగా మూడు రోజులు అని ఉంది. మా కోర్టులో మామూలు రోజులు తక్కువ.

డ్యూటీ_రూమ్
బాత్రూంలో జారిపడిన చీటీ గురించి. ప్రభుత్వాసుపత్రిలో క్యాజువాలిటీ చూస్తాను. పక్కన అత్తగారు నిలబడి ఉంటే ఏ పేషెంటూ నిజం చెప్పదు, మేం వాళ్లు చెప్పిందే రాస్తాం. అందుకే నేను వెంట వచ్చినవాళ్లకు ఒక చీటీ ఇచ్చి క్రేప్ బ్యాండేజ్ కొనుక్కురమ్మని బయటి షాపుకి పంపిస్తా. వార్డులో క్రేప్ బ్యాండేజ్‌లు ఉన్నా సరే. వాళ్లు తిరిగొచ్చేలోపు నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి. "ఇది పడితే తగిలే దెబ్బ కాదమ్మా" అంటే చాలు, కొందరు చెబుతారు. అప్పుడు ఎం.ఎల్.సి., అంటే పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసు, చేసి ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్‌కి కబురు పెడతా.

మీ అక్కను మళ్లీ తీసుకెళ్లండి. ఇప్పుడైనా అసలు జరిగింది చెప్పి రాయించుకోవచ్చు. ఎక్స్‌రే ఫిల్మ్ పారేయొద్దు. పాత దెబ్బలు మానిన గుర్తులు ఉంటే అవీ చూపించండి. డీఐఆర్‌కి ఇవన్నీ జత చేయాలి.

చింతచిగురు
డాక్టర్ గారూ, మీ ఊళ్లో మెడికల్ షాపువాడు మీకు కమిషన్ ఇవ్వాలి.

డ్యూటీ_రూమ్
వాడికి విషయం తెలుసు. బిల్లు రాయడానికి కావాలని ఆలస్యం చేస్తాడు.

లెస్టర్_ఇడ్లీ
ఇక్కడ ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ మారాక్ అని ఒక మీటింగ్ ఉంటుంది, 2003లో కార్డిఫ్‌లో మొదలైంది. ప్రమాదం ఎక్కువున్న కేసుల్ని పోలీసులు, ఆరోగ్యశాఖ, కౌన్సిల్ హౌసింగ్ వాళ్లు, పిల్లల సంక్షేమం వాళ్లు, ప్రొబేషన్ వాళ్లు ఒకే గదిలో కూర్చుని ఒక్కొక్క పేరూ మాట్లాడుకుంటారు. ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతారు. ఎవరు ఏం చేస్తారో అక్కడే రాసుకుని లేస్తారు. ఆ గదిలోకి ఆవిడ రానక్కర్లేదు, ఆవిడ తరఫున మాట్లాడటానికి ఒక మనిషి ఉంటుంది.

ప్రమాదం ఎక్కువని ఎలా తెలుస్తుందంటే ఒక ప్రశ్నల పట్టిక ఉంది. గొంతు నొక్కాడా, వదిలేసి వెళ్తానని ఈ మధ్య అన్నారా, కడుపుతో ఉన్నారా, ఇలాంటివి. మామూలుగా పద్నాలుగు అవును అంటే మారాక్‌కి వెళ్తుంది. తక్కువ వచ్చినా నాకు భయమేస్తే పంపొచ్చు.

అలాగని ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి. భర్త వీసా మీద వచ్చిన మన అమ్మాయిలకు ప్రభుత్వ సాయం అందదు, షెల్టర్‌కి డబ్బు ఎవరు కడతారని ప్రశ్న వస్తుంది. దానికి మూడు నెలల వెసులుబాటు ఒకటి ఉంది, అది ఉందని తెలిసేసరికే చాలామంది తిరిగి వెళ్లిపోతారు. "పాస్‌పోర్ట్ ఆయన దగ్గరుంది అక్కా" అని తెలుగులో వినడం నాకిది ఎన్నోసారో.

పప్పుచారు_ఫ్యాన్
మన దగ్గరా టేబుల్ ఉంది. దాని మీద సమోసాలు ఉంటాయి.

ఫైలు_మోసే_మనిషి
నవ్వొచ్చింది గానీ నిజం. సఖికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంది. ఎస్పీ గారు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, వైద్యాధికారి, అందరూ సభ్యులే. లెస్టర్ అక్క చెప్పిన మనుషులే దాదాపు. తేడా ఏమిటంటే మా దగ్గర మీటింగ్‌లో అంకెలు మాట్లాడతారు. ఈ మూడు నెలల్లో ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని పరిష్కారం అయ్యాయి, జీతాల బడ్జెట్ వచ్చిందా, ఇన్వర్టర్ పనిచేస్తోందా. ఒక పేరు తీసి, ఈవిడ పోయిన వారం నాలుగు చోట్ల తిరిగింది, ఎవరు ఏం చేశారు అని అడగడం నేను హాజరైన వాటిల్లో వినలేదు.

ఇంకోటి. పరిష్కారం అయినవి అనే గడిలో రాజీపడి వెనక్కి వెళ్లినవాళ్లు కూడా ఉంటారు.

నల్లరేగడి
ఆ చివరి లైను చాలు. ఇంతకుముందు ఎవరో కౌన్సెలింగ్ తప్పు కాదన్నారు. మా పిన్నిని స్టేషన్లో కౌన్సెలింగ్ చేసి పంపితే దారిలో ఆటోలోనే కొట్టాడు మా బాబాయి. బయటికి చెప్తావా అని.

పాతఖాకీ
అన్నది నేనే. పిలిచి మాట్లాడటం వేరు, పక్కపక్కన కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనడం వేరు. రెండోది నేనూ చేశాను, కొత్తలో. ఒక కేసు ఉంది, ఇక్కడ రాయను.

ఫైలు_మోసే_మనిషి
2006 నిబంధనల్లోనే ఉంది. కౌన్సెలింగ్‌లో కొట్టినందుకు సాకు చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వకూడదు. ఇకపై కొట్టనని హామీ తీసుకోవాలి. కూరలో ఉప్పెక్కువైంది, ఎదురు మాట్లాడింది, పుట్టింటికి ఫోన్ చేసింది, ఈ లిస్టు మొదలవగానే ఆపేయాలి. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఆ లిస్టు పూర్తిగా వినడమే.

గుడ్లు_పాలు_పలకలు
నేను అంగన్వాడీ టీచర్‌ని. మీరు చెప్పే ఆఫీసులన్నీ మా ఊరికి నలభై కిలోమీటర్లు. ఆడమనిషి ఒంటరిగా ఇల్లు దాటి రాగలిగేది మా సెంటర్ దాకానే, పాలకో గుడ్లకో. ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్ వేసుకొస్తే నాకు అర్థమవుతుంది.

ఒకసారి ఒకమ్మాయి కోసం మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాను. సాయంత్రానికి వాళ్లు ఆ ఇంటికి ఫోన్ చేసి "మీ మీద సమాచారం వచ్చింది" అన్నారట. మర్నాడు పొద్దున ఆ మనిషి మా సెంటర్ గుమ్మంలో నిలబడ్డాడు, "టీచరమ్మా, ఫోన్లు బాగా వస్తున్నాయా?" అని. పిల్లలు పలకలు పట్టుకుని చూస్తున్నారు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడం కుదరదని చట్టంలో ఉందట. ఆ మనిషికి చట్టం తెలియదు కదా.

ఇప్పుడు ఫోన్ చేయను. ఆశా ఆవిడా నేనూ కలిసి, టీకాలని చెప్పి ఆ పిల్లని పీహెచ్‌సీకి తీసుకెళ్తాం. అక్కడి నుంచి ఆ పిల్లే చేస్తుంది ఫోన్.

లెస్టర్_ఇడ్లీ
టీచర్ గారూ, మీరూ ఆశా ఆవిడా చేసేదే మారాక్.

గుడ్లు_పాలు_పలకలు
మాకు సమోసాలు రావు.

కొత్తగా_చేరా
అంకెలు కావాలంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస చూసినవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రలో 30. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవాళ్లలో ఎవరి సాయమైనా అడిగింది నూటికి 14 మంది, అదీ ఎక్కువగా పుట్టింటివాళ్లనే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్న ఆడవాళ్లు 83 శాతం పైన. కలిసి పనిచేయాల్సిన ఆఫీసుల్లో కూర్చున్నదీ ఆ 83లో వాళ్లేగా.

మెట్రో_పిల్లర్_143
ఆ ఆఖరి అంకె తెలీదు నాకు. మా అమ్మని అడిగా ఇప్పుడే. "అవును, తప్పు చేస్తే" అంది.

రెండో_షిఫ్ట్
మొన్న డీఐఆర్ రాయించాం. రెండున్నర గంటలు పట్టింది. అక్క ఏడవలేదు, అయినా ఆ మేడమ్ అన్నీ రాసుకుంది, "ఏడవకపోతే ఏం, తారీఖులు గుర్తున్నాయిగా" అంది. మహిళా స్టేషన్లో చీటీ చూపించాను. పాతఖాకీ సార్, "నువ్వు లాయరువా?" అన్నారు. తర్వాత తీసుకున్నారు. రశీదు కూడా.

ఇంకో గొడవ. అక్క టెన్త్, ఇంటర్, డీఈడీ సర్టిఫికెట్లు, ఆధార్, అన్నీ అత్తగారి బీరువాలో. పిల్లల స్కూలు మార్చాలన్నా బావ సంతకం అంటున్నారు.

కోర్టుహాలు_బయట
పిటిషన్లో విడిగా పేరాగా రాయించు. స్త్రీధనం, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని. కోర్టు పోలీసుల సాయం తీసుకోమని చెప్పొచ్చు. పిల్లల కస్టడీకి మధ్యంతర ఉత్తర్వు కూడా అదే పిటిషన్లో.

రెండో_షిఫ్ట్
ఐదు వారాలైంది, అడిగారు కాబట్టి చెబుతున్నా. కోర్టులో గృహహింస కేసు నంబర్ (డీవీసీ) వచ్చింది. ముగ్గురి పేర్లే రాశాం. బావ రెండు వాయిదాలకీ రాలేదు. నిన్న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. అక్క దగ్గరికి, పిల్లల స్కూలు దగ్గరికి రాకూడదని. మెయింటెనెన్స్ ఇంకా తేలలేదు.

ఇవాళ డీవీ సెల్ మేడమ్, ఒక హోంగార్డు, స్టేషన్ నుంచి ఒక లేడీ కానిస్టేబుల్, అక్క, నేను కలిసి ఆ ఇంటికి వెళ్లాం. వాళ్ల ముగ్గురూ ఒక ఆటోలో రావడం నేను మొదటిసారి చూడటం. అత్తగారు బీరువా తాళం పోయిందన్నారు. కానిస్టేబుల్ మంచం మీద కూర్చుని "పర్లేదమ్మా, దొరికేదాకా ఉంటాం, కాస్త టీ పెట్టండి" అంది. తాళం దొరికింది. సర్టిఫికెట్లు ఒక చీర మడతలో ఉన్నాయి. బంగారం గురించి మాత్రం ఏమీ తెలీదట.

పాతఖాకీ
ఆ కానిస్టేబుల్‌కి నా నమస్కారం. తమ్ముడూ, ప్రొటెక్షన్ ఆర్డర్ దాటితే అది గృహహింస చట్టం సెక్షన్ 31 కింద నేరం. ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. సివిల్ విషయం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆర్డర్ కాపీ స్టేషన్‌కి చేరిందో లేదో నువ్వే వెళ్లి చూసుకో.

రెండో_షిఫ్ట్
చేరలేదు సార్. నేనే ఇచ్చి రశీదు తీసుకున్నా. అక్క అయితే తన కాపీని లామినేషన్ చేయించేసింది. రాత్రి దిండు కింద పెట్టుకుంటోంది.

కోర్టుహాలు_బయట
అయ్యో, సర్టిఫైడ్ కాపీకి లామినేషన్ ఎందుకు చేయించారు? ఇంకొకటి తీసుకోండి, ఉచితమే.

రెండో_షిఫ్ట్
చెప్పాను మేడమ్. అది కోర్టుకి, ఇది నాకు అంటోంది.